దొర్కాసమ్మ ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నె, ఒక పక్కకు పిచ్చుక ముక్కులా సాగిన మూతి, అంతే నేను. పసిపిల్లలకు పాలూ ఆముదమూ ఉగ్గూ పట్టడానికి నన్ను చేశారు. గోదావరి పక్క అజ్జరం అనే ఊళ్ళో వీరాచారి అనే కంచరి మైనంతో నా ఆకారం దిద్ది, చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కాగిన ఇత్తడి పోశాడు. లోపల కళాయి పూసి, మూతి గరుకు లేకుండా ఆకురాయితో అరగదీసి, తన చంటిపిల్ల పెదవికి ఆనించి చూశాడు. పిల్ల నవ్వింది. పని కుదిరిందని నన్ను గంపలో పడేశాడు. తల ఎత్తలేని వాళ్ళ కోసం పుట్టిన వస్తువును నేను. అలాంటి వాళ్ళంటే పసివాళ్ళే అనుకునేదాన్ని అప్పట్లో.

నన్ను మొదట కొన్నది కాకినాడకు ఎగువన ఒక పల్లెటూరి మునసబు గారి కుటుంబం. ఆ ఇంటి కోడలికి తొలికాన్పు కష్టమైతే, ఊరి చివర మాలపల్లె నుంచి సత్యవేదమ్మ అనే మంత్రసానిని పిలిపించారు. వాళ్ళు మిషను మతంలో కలిసినవాళ్ళు. సత్యవేదమ్మ బిడ్డను క్షేమంగా బయటికి తీసింది. తల్లి జ్వరంతో పడిపోతే, ఆమె లేచి కూర్చునేదాకా ఆ బిడ్డకు ఆవుపాలు కాచి, చల్లార్చి, చుక్క చుక్కగా నాతోనే పట్టింది. తల్లీ బిడ్డా బతికారు. ఆమె ఇంటికి పోతుంటే మునసబు గారి తల్లి అరుగు మీద ఉన్న నన్ను చూపించి, "అది నువ్వే ఉంచుకో సత్యవేదమ్మా, ఇంక మాకెందుకు," అంది. అదే చేతులు బిడ్డను కూడా ముట్టుకున్నాయి. బిడ్డకు నాలుగు చుక్కల పసుపునీళ్ళు సరిపోయాయి. నన్ను చింతపండుతో తోమినా సరిపోయేది, కాని వాళ్ళకు తోచలేదు. బహుమానమూ అవమానమూ ఒకే చేత్తో ఇవ్వడం మనుషులకు బాగా చేతనవును.

సత్యవేదమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది. మరుసటి ఏడు ఆమెకే ఆడపిల్ల పుట్టింది. బీదలకు బట్టలు కుట్టిపెట్టిన ఒక పుణ్యాత్మురాలి పేరు వాళ్ళ వేదంలో ఉందట, ఆ పేరే పెట్టారు. దొర్కాసు. ఆ పిల్ల నా మూతిని చిగుళ్ళతో కొరుకుతూ పెరిగింది. పొడుగ్గా, బక్కపలచగా, మణికట్లు మాత్రం మొగపిల్లాడిలా బలంగా ఉండేవి. మిషను గుళ్ళో పాడితే శ్రుతి తప్పేది. తల్లి వెంట పురుళ్ళకు పోయి, రక్తం చూసి తల తిప్పుకోకుండా నిలబడేది. మిషను బడిలో చదువు అయ్యాక మిషను ఆసుపత్రిలోనే నర్సు పని నేర్పించారు. అప్పటినుంచి ఆమెకు ఒక అలవాటు. రోగిని ముట్టుకునే ముందు, కళ్ళు మూసుకోకుండానే, పెదవుల కింద ఒక మాట అనుకునేది. "ప్రభువా, నా చెయ్యి వణకనియ్యకు." అంతకు మించిన ప్రార్థన పనివేళలో ఆమె చెయ్యగా నేను వినలేదు.

ఆ రోజుల్లో మన తీరం నుంచి జనం గుంపులు గుంపులుగా రంగం పోతుండేవారు. బర్మా దేశపు రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. అక్కడి రేవులో బస్తాలు మోసేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళు జబ్బుపడితే ఎక్కడ నొప్పో అడిగి తెలుసుకునే నర్సు కావాలని అక్కడి మిషను ఆసుపత్రి వాళ్ళు రాస్తే, దొర్కాసు పేరు ఇచ్చారు. కాకినాడ రేవులో ఓడ ఎక్కే ముందు సత్యవేదమ్మ నన్ను పాత గుడ్డలో చుట్టి ఆమె సంచిలో పెట్టింది.

"అక్కడ పింగాణీ కప్పులు ఉంటాయమ్మా," అంది దొర్కాసు.

"ఉండనీయవే. పడుకున్నోడికి కప్పుతో పోస్తే సగం మెడమీదకి పోద్ది. ఇది తీసుకెళ్ళు."

తల్లి ఏడవలేదు. ఓడ కదిలాక ఏడ్చిందేమో నాకు తెలియదు, నేను సంచిలో ఉన్నాను.

రంగంలో నాకు చేతినిండా పని. కడుపు కోసి ఆపరేషను చేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, జ్వరంతో నాలుక పిడచకట్టినవాళ్ళు, అందరూ నా దగ్గర పసివాళ్ళయ్యారు. మీసాలున్న పెద్దమనుషులు నా మూతి చూసి సిగ్గుపడి, రెండు గుక్కలు దిగాక సిగ్గు మరిచిపోయేవారు. ప్రతిసారీ దొర్కాసు నన్ను మరిగే నీళ్ళలో వేసి తీసేది.

సింహాచలం మేస్త్రిని మొదటిసారి అక్కడే చూశాను. విజయనగరం పక్కవాడు. తన ఊరి చుట్టుపక్కల కుర్రాళ్ళను పోగేసి తెచ్చి రేవులో పని చేయించే మేస్త్రి. అతని కూలీ ఒకడి మీద బియ్యం బస్తాలు పడి నడుం విరిగింది. వాడికి దొర్కాసు నాతో నీళ్ళు పట్టబోతుంటే మేస్త్రి మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. లావుపాటి మనిషి, చెవులకు పోగులు, గొంతు మాత్రం నెమ్మది.

"నర్సమ్మా, మీరేటోళ్ళు?" అని అడిగాడు.

ఆమె ఊరూ పల్లే చెప్పింది.

"అయితే మావోడికి నీళ్ళు మీరు పొయ్యకండి. మందు మీరియ్యండి, అది దొరల మందు. నీళ్ళు మా మనిసి పోస్తాడు."

దొర్కాసు నన్ను బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. "అలాగేనండి మేస్త్రిగారూ. నెమ్మదిగా పొయ్యమనండి, పొలమారిందంటే వీడి ప్రాణానికొస్తుంది," అంది. ఆమె ముఖంలో కోపం కనపడలేదు. కాని ఆ పూట నన్ను తోమేటప్పుడు అవసరమైన దానికంటే గట్టిగా తోమింది.

యుద్ధం ఎక్కడో ఉందని అందరూ అనుకుంటున్న శీతాకాలంలో, ఒక ఉదయం రంగం మీదికి విమానాలు వచ్చాయి. వెండిరంగులో మెరుస్తూ బారులు తీరి వస్తుంటే జనం చూడడానికి వీధుల్లోకి పరుగెత్తారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. ఆ వేడుక చూడడానికి పోయినవాళ్ళే ఆ మధ్యాహ్నం మా వార్డులో వరసగా నేల మీద ఉన్నారు. దవడ ఎగిరిపోయిన ఒక బండివాడికి నా మూతి పెట్టడానికి నోరు ఎక్కడో దొర్కాసు వేలితో వెతకవలసి వచ్చింది. "నా చెయ్యి వణకనియ్యకు," అని ఆమె ఆ రోజు బయటికే అనేసింది. చెయ్యి వణకలేదు. వాడు మాత్రం సాయంత్రానికి పోయాడు.

తరవాతి వారాల్లో రేవు ఖాళీ అయింది. ఓడ టిక్కెట్లు దొరలకూ, డబ్బున్న షావుకార్లకూ దొరికాయి. పెద్ద నర్సు దొరసాని దొర్కాసును కౌగిలించుకుని, నీకోసం ప్రార్థిస్తానని చెప్పి ఓడ ఎక్కింది. ఆమె మంచిదే, నిజంగానే ప్రార్థించి ఉంటుంది. ఆసుపత్రి మూసేసే నాటికి నడవగలిగిన రోగులను వెంటబెట్టుకుని, దొర్కాసు ప్రోం ఊరిదాకా రైల్లో పోయి, అక్కడినుంచి టాంగప్ రేవుకు పోయే కొండదారి పట్టింది. ఆ రేవు చేరితే పడవలు దొరుకుతాయని, అక్కడినుంచి చిట్టగాంగు, అక్కడినుంచి ఇంటికి రైలు అని చెప్పుకున్నారు. ఆ దారిలో కనుచూపు మేర మనుషులే. మూటలు, పిల్లలు, ముసలివాళ్ళు, కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని ఒకడు. తెలుగు మాట వినపడిన గుంపులో ఆమె కలిసింది. అది సింహాచలం మేస్త్రి గుంపు. అతని భార్య పైడమ్మ కూడా ఉంది. చామనచాయ మనిషి, నవ్వితే పక్కపన్ను మీద పన్ను కనపడేది.

ఇక్కడ మనుషుల గురించి ఒక సంగతి చెప్పాలి. వెనక ఊళ్ళు తగలబడుతున్నాయి. ముందు నీళ్ళు లేని కొండ. అయినా ప్రతి మకాంలోనూ పొయ్యిలు వేరువేరుగానే వెలిగేవి. కులానికొక పొయ్యి. కొండ మీద మూడు రాళ్ళు దొరకడమే కష్టమైతే, వాళ్ళు ఆరు పొయ్యిలకు రాళ్ళు వెతికేవారు. దొర్కాసు అందరికంటే ముందు లేచి, పుల్లలు ఏరి, ఒక పాత నూనెడబ్బాలో నీళ్ళు మరిగించి, చల్లార్చి గుంపు మధ్య పెట్టేది. ఆమె వెంట వచ్చిన ఆసుపత్రి రోగులే తాగేవారు. మేస్త్రి గుంపువాళ్ళు కిందికి దిగి వాగులో తాగేవారు.

"మేస్త్రిగారూ, ముందెళ్ళినోళ్ళు ఆ వాగులోనే అన్నీ కడుక్కున్నారండి. అందులో కలరా ఉంటుంది. మా డబ్బా వద్దంటే మీ డబ్బాలో మీరే మరిగించుకోండి, నేను ముట్టుకోను," అందామె.

"పుల్లలేవీ నర్సమ్మా, వంటకే సాలట్లేదు. పారే నీటికి మైల ఉండదు. నీ నీళ్ళు నివ్వు తాగు."

అతను కసురుకోలేదు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకు నాలుగు మకాంల తరవాత ఫలితం కనపడింది. ముందు ఒక కుర్రాడు దారి పక్కన కూలబడ్డాడు. తరవాత ఇద్దరు. ఆ తరవాత పైడమ్మ. పొద్దున నడుస్తూ నవ్విన మనిషికి మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళ చివర తోలు నీళ్ళలో నానినట్టు ముడతలు పడింది.

కొండ వాలులో ఎవరో ఎప్పుడో వేసిన వెదురు పాక ఒకటి ఉంది. కలరా తగిలినవాళ్ళను అందులో పడుకోబెడుతున్నారు. పడుకోబెట్టడం అంటే వదిలిపెట్టడమే. గుంపులను ముందుకు నడిపించే అధికారి ఒకడు వచ్చి, నడవగలిగినవాళ్ళు వెంటనే కదలాలనీ, ఇక్కడ ఉంటే అందరూ పోతారనీ, రేవులో పడవలు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేమనీ అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. పాక ముందు మనుషులు కాసేపు నిలబడి, లోపల ఉన్న తమవాళ్ళ పేర్లు పిలిచి, తలలు వంచుకుని కదిలారు. మేస్త్రి కదల్లేదు. "పైడి లేకండా నాను ఏ ఊరెల్తాను," అని పాక గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

దొర్కాసు కదిలింది.

ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. ఆమెను గురించి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆమె వెనుతిరగకుండా అక్కడే నిలిచిపోయిందని చెప్పుకుంటారేమో. అలా జరగలేదు. ఆమె సంచి భుజాన వేసుకుని, తన రోగులతో కలిసి, పాక వైపు చూడకుండా నడిచింది. సంచిలో ఉన్న నాకు ఆమె మాట వినపడుతూనే ఉంది. "ప్రభువా, నాకు ఇంటికి పోవాలని ఉంది. మా అమ్మ ఒక్కతే ఉంది," అంటూ నడిచింది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. మలుపు తిరిగాక ఒక బండ మీద కూర్చుంది. వెంట ఉన్నవాళ్ళు ఆగితే పొమ్మని చెయ్యి ఊపింది. ఏదో వినడానికన్నట్టు చాలాసేపు తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. అడవిలో కీచురాళ్ళు తప్ప ఏ శబ్దమూ లేదు. తరవాత ఆమె లేచి, ముక్కు చీది, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఎదురొచ్చే జనం ఆమెను తప్పుకుంటూ పోయారు. ఒక ముసలాయన పిచ్చిదనుకుని చేతులు జోడించాడు.

పాక లోపల వాసనను గురించి చెప్పను. దొర్కాసు గుమ్మంలో నిలబడి ఒకసారి ఊపిరి తీసుకుని లోపలికి వంగింది. ఉన్నవాళ్ళలో ఎవరు బతికి ఉన్నారో, ఎవరు కాదో ముందు వేరుచేసింది. మేస్త్రి చేత పాక వెనక గొయ్యి తవ్వించింది. పుల్లలు తెప్పించి నీళ్ళు మరిగించింది. జనం విడిచిపోయిన మూటల్లో బియ్యం, ఉప్పు, ఒక బెల్లం ముక్క దొరికితే, వాళ్ళమ్మ బాలింతలకు కాచినట్టు పల్చగా గంజి కాచి, ఉప్పూ బెల్లమూ కలిపింది. నన్ను సంచిలోంచి తీసి, వేడినీళ్ళలో ముంచి, నింపి, పైడమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి చాపి ఆగిపోయింది. మేస్త్రి వైపు చూసింది.

"మీరే పట్టండి మేస్త్రిగారూ. నాకేం ఇబ్బంది లేదు. కాని గంజి నేను కాచిందే."

పైడమ్మ కళ్ళు తెరిచింది. "ఇంకేటి సూత్తావు మావా. నోరెండిపోతంది. ఆయమ్మనే పొయ్యమను," అంది. గొంతు చీమ నడిచినట్టుంది.

సింహాచలం తల దించుకున్నాడు. "పొయ్యి తల్లీ," అన్నాడు.

దొర్కాసు పోసింది. ఒక చుక్క, ఆగి ఇంకొక చుక్క. వాంతి అయితే తుడిచి మళ్ళీ పోసింది. ఆ రోజంతా, మర్నాడు పొద్దెక్కేదాకా పోసింది. పైడమ్మ ఒకసారి తేరుకున్నట్టే తేరుకుని, మగడి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె ఒంట్లో నీరంతా ఎప్పుడో వాగుపాలైంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పోయింది. ఆమెతో పాటు ఇంకా కొందరు పోయారు. కొందరు మాత్రం నిలిచారు. గంజి కడుపులో ఆగి, కళ్ళలో తడి తిరిగి, ఇది ఏ ఊరని అడిగినవాళ్ళు ఉన్నారు. కాళ్ళు నిలదొక్కుకున్న వాళ్ళను దొర్కాసు దారిన పోయే గుంపుల్లో కలిపి పంపేసేది. వాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో నాకు తెలియదు. ఒక్కొక్కడిదీ ఒక్కొక్క భాష. దాహం మాత్రం ఏ భాషలో అయినా నా మూతికి తెలిసిపోయేది.

పైడమ్మను కాల్చి వచ్చిన మేస్త్రి పాక బయట కూర్చున్నాడు. దొర్కాసు పక్కన కూర్చుంటే, నేల మీద గీతలు గీస్తూ అన్నాడు.

"ఆ పొద్దు నీ నీళ్ళు తాగుంటే బతికుండును కదేటి."

ఆమెకు ఓదార్చే అబద్ధం నోటికి రాలేదు. "బతికేదేమోనండి," అంది.

అతను తల ఊపాడు. మళ్ళీ అడిగాడు. "ఎల్లినదానివి మరెందుకు తిరిగొచ్చినావు? మీ దేవుడేటైనా సెప్పినాడా?"

"లేదండి. ఏమీ చెప్పలేదు. చెబుతాడేమోనని కాస్త దూరం నడిచి, కూర్చుని చూశాను."

"సెప్పకపోతే పోవాల్సింది."

"చెప్పేదేదో మునుపే చెప్పేశాడనిపించిందండి. మళ్ళీ అడగడం బాగుండదని లేచొచ్చేశాను."

మేస్త్రికి ఆ మాట అర్థమైందో లేదో. మర్నాడు అతనికి కూడా తగిలింది. కులం అడిగిన నోరు నా మూతి దగ్గర తెరుచుకుంది. అతను బలమైన మనిషి, పైగా దొర్కాసు మొదటి వాంతికే గంజి పట్టడం మొదలుపెట్టింది. అతను వద్దని తల తిప్పుకుంటే ఆమె గడ్డం పట్టుకుని ఇటు తిప్పి పోసేది. శ్రుతి తప్పిన గొంతుతో ఏదో గుడిపాట గొణుగుతూ పోసేది. బతికాడు. లేచి కూర్చుని గంజి తనంతట తాను తాగిన రోజున ఆమె నవ్వింది. ఆమె అలా పళ్ళు కనపడేలా నవ్వడం రంగం వదిలాక నేను చూడలేదు. నవ్వి, లేవబోయి, పాక గుంజను పట్టుకుంది. ఆమె చెయ్యి వణికింది.

తనకేం జరుగుతోందో ఆమెకు తెలుసు. తనే చెప్పింది, తనకు గంజి ఎలా కాయాలో కూడా చెప్పింది. ఉప్పు ఎంత వెయ్యాలో వేళ్ళతో చూపించింది. సింహాచలం కాచాడు. అతని చేతులు బస్తాలు మోసిన చేతులు, చుక్క చుక్కగా పొయ్యడం రాదు. సగం ఆమె మెడ మీదికి కారిపోయేది. ఆమె ఓపిగ్గా నేర్పింది. నన్ను ఎలా వంచాలో, ఎక్కడ వేలు పెట్టి ఆపాలో. ఒంట్లో ఓపిక ముందే అయిపోయింది ఆమెకు. రోజుల తరబడి తన వంతు గంజి కూడా పక్కవాడికి పోసినదానికి ఇంకేం మిగులుతుంది.

"తల్లీ," అన్నాడు సింహాచలం, ఎలా అడగాలో తెలియక పంచె చెంగు నలుపుతూ. "అలాటిదేటైనా అయితే మిమ్మల్ని ఏటి సెయ్యాలి? మాలాగ కాల్సరు కదా మీరు."

"పాతిపెట్టండి మేస్త్రిగారూ. లోతుగా తవ్వండి. నక్కలున్నాయి."

"ఇంకేటైనా సదవాలా, సెప్పాలా?"

"మీకేమొస్తే అది చెప్పండి. ఆయనకు అన్నీ వినపడతాయి."

ఆ తరవాత ఆమె అతనితో మాట్లాడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతుంటే నా మూతి ఆమె పెదవికి ఆనే ఉంది కాబట్టి నాకు వినపడింది. "నేను తిరిగొచ్చానని మెచ్చుకోకు ప్రభువా. పోయినంత దూరం పోయాను, అదీ చూశావుగా." కాసేపు ఆగి, "అమ్మ వాకిట్లో కూర్చుని ఉంటుంది. ఎవరైనా చెబితే బాగుండు," అంది. తరవాత పోసిన గంజి లోపలికి దిగలేదు.

సింహాచలం లోతుగా తవ్వాడు. రాతినేల. వెదురు బొంగుతో, ఒక విరిగిన పారతో, రోజు గడిచేదాకా తవ్వాడు. మట్టి కప్పి, పైన రాళ్ళు పేర్చి, నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఏం చెప్పాలో తోచక, తనకు తెలిసిన సింహాద్రి అప్పన్న నామం చెప్పుకున్నాడు. అది ఆమె ప్రభువుకు వినపడి ఉంటుందనే నా నమ్మకం.

అతను రేవు చేరాడు, పడవ దొరికింది, జబ్బుతో సగమై ఇల్లు చేరాడు. నేను అతని మొలలో ఉన్నాను. ఒళ్ళు కుదుటపడగానే అతను చేసిన మొదటి పని కాకినాడ పోవడం. ఆమె తన ఊరిపేరు ఒకసారి చెప్పింది, మంచం పక్కన, కులం తెలుసుకోవడానికి అడిగినప్పుడు. అతను కాకినాడ వైపు అన్న మాటా, పల్లె అన్న మాటా విన్నాడు, ఊరిపేరు చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఎంత గింజుకున్నా గుర్తురాలేదు. కనపడిన గుడికల్లా పోయి, లోపలికి రాకూడదేమోనని మెట్ల కిందే నిలబడి, పాదిరిగారిని పిలిచి అడిగేవాడు.

"దొరకాసమ్మ అని నర్సమ్మండి. పొడుగ్గా ఉంటాది. మీ పిల్ల. బర్మా కొండల్లో ఉండిపోనాది. ఆళ్ళమ్మకి సెప్పాల."

"ఇంటిపేరేంటి బాబూ? ఏ ఊరు?"

"తెల్దండి."

"ఆ పేరు గలవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు కదా," అని వాళ్ళు జాలిగా అనేవారు. ఒకాయన ఆదివారం ప్రార్థనలో చెప్పిస్తానన్నాడు, చెప్పించాడు కూడా. ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం అతను ఎక్కిన బస్సు కాలువ వంతెన దగ్గర ఆగింది. నాకు ఆ నీటి చప్పుడు తెలుసు, ఆ మిల్లు కూత తెలుసు. గట్టు దిగి మొక్కజొన్న చేను దాటితే సత్యవేదమ్మ వాకిలి. సింహాచలం బస్సు దిగి, కాలువలో ముఖం కడుక్కుని, చేతిలో నన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. నాకు ఉన్నది మూతి ఒక్కటే, దానికి మాట రాదు. బస్సు బయలుదేరింది. అతను ఎక్కేశాడు.

ఆ తరవాత అతను రంగం మాట ఎత్తలేదు, మేస్త్రి పనికీ పోలేదు. ఊళ్ళోనే ఉండి, గుమ్మం ముందు పెద్ద కుండతో మరిగించి చల్లార్చిన నీళ్ళు పెట్టేవాడు. ఎవరైనా ముంచుకోవచ్చు. అందరూ అంటే అందరూ. అతని అన్నదమ్ములు ఆ కుండ చూసి అతని ఇంట అన్నం తినడం మానేశారు. గాలివాన వచ్చి కలరా తిరిగిన ఏడు, ఊరివాళ్ళు తలుపులు వేసుకుంటే అతను మాలపల్లెలో గుడిసె గుడిసెకూ తిరిగి, ఉప్పుగంజి చుక్క చుక్కగా పోశాడు. చెయ్యి అప్పటికి నేర్చుకుంది. పల్లెలో ఒక ఇల్లాలు జంకుతూ, "బాబూ, మీరు మా గిన్నె ముట్టుకుంటారా," అంటే, "ఇది మీ గిన్నేనమ్మా, నాను మోస్తన్నాను," అన్నాడు.

ముసలివాడయ్యాక ఒకరోజు వీధిలో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు వచ్చాడు. సింహాచలం నన్ను వాడి ముందు పెట్టాడు. అతనికి చదువు రాదు, ఆ చెక్కేవాడికి అంతంతమాత్రం. చెప్పిన పేరును విన్నట్టే చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా నా నడుం చుట్టూ కొట్టాడు. దొరకాసమ్మ, రంగం. అతను ఆ అక్షరాల మీద బొటనవేలు తిప్పుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. పోయినప్పుడు అన్నదమ్ములు పాడె ముట్టుకోవడానికి వెనకాడితే పల్లెవాళ్ళు వచ్చి మోశారు.

తరవాత నేను అటకమీద చాలా ఏళ్ళు ఉన్నాను. ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు అతని తమ్ముడి మనవలు పాత ఇత్తడంతా గోనెసంచిలో వేసి విజయనగరంలో పాతసామాన్ల కొట్టుకు ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. కళాయి పోయింది, మూతి సొట్టపడింది. నిన్న కొట్టతను తూకానికి ముందు నన్ను వెలుతురులోకి ఎత్తి తిప్పిచూశాడు.

"దొరకాసమ్మ," అని పైకి చదివాడు. పక్కన బిందెలు సర్దుతున్న భార్య తలెత్తింది.

"ఎవరు?" అంది.

"ఎవరో. ఉగ్గుగిన్నె మీద ముసలమ్మ పేరెందుకు కొట్టారో."

"ముసలామో కాదో నీకేటి తెలుసు," అందామె.

అతను నవ్వి నన్ను తక్కెట్లో పెట్టాడు. ఆ పేరు మనిషి నోటి వెంట విని ఎన్నేళ్ళయిందో. తూచి, కరగడానికి పోయే కుప్ప మీదికి విసిరాడు.